డ్రమ్మర్ సీటు నుంచి సినిమా: స్టీవర్ట్ కోప్లాండ్, ఇంకా మన సంగతి

వెనక_సీటు
మంగళవారం, రాత్రి 11:52

అందరికీ నమస్తే. నేను పద్నాలుగేళ్లుగా డ్రమ్స్ వాయిస్తున్నాను, ఉండేది సైనిక్‌పురిలో. మొదట్లో సొంత పాటలతో ఒక రాక్ బ్యాండ్ ఉండేది. ఇప్పుడు ఎక్కువగా సంగీత్‌లు, కంపెనీల షోలు, శని ఆదివారాలు గచ్చిబౌలి వైపు పబ్బులు. ఇల్లు గడుస్తోంది. కానీ మూడు నెలలుగా ఒకటే ఆలోచన, సినిమా తీయాలని.

పోయిన వారం స్టీవర్ట్ కోప్లాండ్ తీసిన 'ఎవ్రీవన్ స్టేర్స్' చూశాను, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఆయన 'ద పోలీస్' బ్యాండ్ డ్రమ్మర్. 1977లో లండన్‌లో ఆ బ్యాండ్ మొదలుపెట్టింది కూడా ఆయనే. చేతిలో కాస్త డబ్బు ఆడగానే ఒక సూపర్ 8 కెమెరా కొనుక్కుని వ్యాన్‌లో, హోటల్ గదుల్లో, స్టేజీ వెనక, చివరికి డ్రమ్స్ దగ్గర పెట్టుకుని కూడా తీసుకుంటూ పోయాడు. ఆ రీళ్లు ఇరవై ఏళ్లకు పైగా పెట్టెల్లోనే ఉన్నాయి. తర్వాత కంప్యూటర్‌లోకి ఎక్కించి, తనే కూర్చుని కట్ చేసి, తన గొంతుతోనే కథ చెప్పి, 2006లో అమెరికాలో సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో చూపించాడు. ఎక్కడా నిపుణులొచ్చి మాట్లాడటం లేదు, పొగడ్తల ఇంటర్వ్యూలు లేవు. డ్రమ్స్ వెనక కూర్చున్నవాడికి ఏం కనిపిస్తుందో అదే.

నా ప్రశ్న ఇది. డ్రమ్మర్‌గా ఇన్నేళ్లు నేర్చుకున్నది సినిమాకి నిజంగా పనికొస్తుందా, లేక సున్నా నుంచి మొదలుపెట్టాలా? నాకు 36. ఫిల్మ్ స్కూల్‌కి వెళ్లే పరిస్థితి లేదు.

—

మియాపూర్_మెట్రో
బుధవారం, ఉదయం 8:10

బ్రో, మీ ఆశ మీద నీళ్లు చల్లాలని కాదు, కానీ ఒక మాట చెప్పాలి. కోప్లాండ్ గారి ఒక అన్న మైల్స్ బ్యాండ్‌కి మేనేజర్, ఆయనకి సొంత రికార్డ్ లేబుల్ కూడా ఉండేది. ఇంకో అన్న ఇయాన్ షోలు బుక్ చేసే ఏజెంట్. నాన్న సీఐఏలో అధికారి. 'ద పోలీస్' 1983లో న్యూయార్క్ షే స్టేడియం నింపేసిన బ్యాండ్. అలాంటి మనిషి కెమెరా పట్టుకుంటే సన్‌డాన్స్ తలుపు తెరుస్తుంది. మన దగ్గర ఇంటి ఈఎంఐ ఉంటుంది, సంగీత్ పేమెంట్ ఆర్నెల్లకి వస్తుంది. ఆయన్ని చూసి నిర్ణయం తీసుకోవద్దు.

—

పాత_క్యాసెట్
బుధవారం, ఉదయం 10:35

మియాపూర్ గారు చెప్పినదాంట్లో నిజం ఉంది కానీ సగమే ఉంది. అన్నలు ఉన్నారు, డబ్బు మాత్రం లేదు. 1978 అక్టోబరులో వాళ్లు మొదటిసారి అమెరికా వెళ్లింది లేకర్ ఎయిర్‌వేస్ చౌక టికెట్ల మీద. రికార్డు కంపెనీ ఖర్చు పెట్టలేదు. ముగ్గురూ ఒక వ్యాన్‌లో ఊరూరూ తిరిగి చిన్న చిన్న క్లబ్బుల్లో వాయించారు. ఆ ముగ్గురి బంగారు రంగు జుట్టు కూడా అదే ఏడాది ఒక చూయింగ్ గమ్ ప్రకటన కోసం డబ్బులొస్తాయని వేయించుకున్న రంగే. ఆయన అప్పటికి 'కర్వ్‌డ్ ఎయిర్' అనే ఇంకో బ్యాండ్‌లో వాయించి, అది ఆగిపోతే మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కుతున్న మనిషి.

1980లో వాళ్లు బొంబాయి వచ్చి వాయించారు. నేను అప్పుడు నిజాం కాలేజీలో చదువుతున్నా. ఆబిడ్స్‌లో ఒక షాపులో క్యాసెట్ మీద క్యాసెట్ ఎక్కించి ఇచ్చేవాళ్లు, మూడో కాపీకో నాలుగో కాపీకో గొంతు సరిగా వినపడేది కాదు, కానీ హై-హ్యాట్, అదే డ్రమ్స్‌లో కాలితో మూసే జంట తాళాలు, మాత్రం స్పష్టంగా వినిపించేది. బొంబాయి వెళ్దామని నలుగురం అనుకున్నాం, రైలు టికెట్‌కి ఇంట్లో అడగలేక ఆగిపోయాం. నలభై ఏళ్లు దాటినా ఆ బాధ పోలేదు. అందుకే ఈ చర్చ కనపడగానే రాస్తున్నా.

వెనక సీటు బాబూ, ఆయన జీవితంలో సినిమా 2006లో మొదలవలేదు. 1983లోనే దర్శకుడు కొప్పోలా తీసిన 'రంబుల్ ఫిష్'కి సంగీతం చేశాడు, దానికి గోల్డెన్ గ్లోబ్ నామినేషన్ వచ్చింది. తర్వాత ఆలివర్ స్టోన్ 'వాల్ స్ట్రీట్', టీవీలో 'ది ఈక్వలైజర్', 1989లో క్లీవ్‌లాండ్‌లో ఒక ఒపెరా, 1998 నుంచి 'స్పైరో' వీడియో గేములు. ఇరవై ఏళ్లు వేరేవాళ్ల బొమ్మలకు తాళం వేసి, అప్పుడు సొంత బొమ్మలు ముందేసుకున్నాడు.

—

కృష్ణానగర్_కట్టర్
బుధవారం, మధ్యాహ్నం 2:20

నేను ఎడిటర్‌ని, పదకొండేళ్లుగా. ఎక్కువగా వెబ్ సిరీస్‌లు, అప్పుడప్పుడు చిన్న సినిమాలు. అన్నా, మీ ప్రశ్నకు నా వైపు నుంచి జవాబు చెప్తా, కాస్త పొడవుగా ఉంటుంది.

'రంబుల్ ఫిష్' సంగతి పాత క్యాసెట్ గారు ఎత్తారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతా. ఆ సినిమాలో కాలం అయిపోతోందన్న భావం అంతటా ఉంటుంది, గడియారాలు, పరుగెత్తే మబ్బులు. కొప్పోలా అందుకే తాళం ప్రధానంగా ఉండే సంగీతం కావాలనుకుని ఒక డ్రమ్మర్‌ని పిలిచాడు. కోప్లాండ్ ఏం చేశాడంటే, షూటింగ్ జరిగిన టల్సా ఊళ్లో వీధి చప్పుళ్లు రికార్డ్ చేయించి వాటినే లూపులుగా మార్చి తాళంలో కలిపాడు. అప్పుడే కొత్తగా వచ్చిన మ్యూసింక్ అనే పద్ధతితో సంగీతం టెంపోని బొమ్మ ఫ్రేముకి సరిగ్గా కుదిర్చాడు. ఇప్పుడు మేం టైమ్‌లైన్ మీద మార్కర్లు పెట్టుకుని రోజూ చేసే పని అది, 1983లో అది చాలా కొత్త. అంటే ఆ రోజే ఆయన ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చున్నట్టు లెక్క.

రెండోది సూపర్ 8. కొడాక్ 1965లో తెచ్చిన ఫార్మాట్ అది. ఒక క్యాట్రిడ్జ్‌లో 50 అడుగుల ఫిల్మ్ ఉంటుంది. సెకనుకి 18 ఫ్రేముల లెక్కన తీస్తే మూడు నిమిషాల ఇరవై సెకన్లు, 24 లెక్కన తీస్తే రెండున్నర నిమిషాలు. అంతే, అయిపోయింది, మార్చాలి. చెయ్యి బటన్ మీద పెట్టిన ప్రతిసారీ ఇప్పుడు తీయాలా వద్దా అని మనసులో ఒక లెక్క జరుగుతుంది. మన ఫోన్‌లో ఆ లెక్క లేదు, నలభై నిమిషాలు తీసి అందులో ఏముందో మనమే చూసుకోం. నా దగ్గరికి వచ్చే చిన్న సినిమాల రష్, అంటే కట్ చేయని ముడి ఫుటేజ్, చూస్తే కడుపు తరుక్కుపోతుంది, ఒక్క సీన్‌కి మూడు గంటల ఫుటేజ్ ఉంటుంది, వాడదగ్గ షాట్ ఒకటి ఉండదు.

మూడోది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. ఆ డాక్యుమెంటరీలో ఆయన తన బ్యాండ్ పాటల్ని ఉన్నవి ఉన్నట్టు పెట్టలేదు. స్టేజీ మీద వాయించిన రికార్డింగులు తీసుకుని, ముక్కలు చేసి, ఒకదాంట్లో ఇంకోటి కలిపి కొత్త రూపాలు కట్టాడు. వాటికి 'డిరేంజ్‌మెంట్స్' అని పేరు కూడా పెట్టాడు. కోట్ల మంది గుండెల్లో ఉన్న పాటల్ని అలా కోయడానికి ధైర్యం కావాలి. బొమ్మ అడిగినట్టు పాటని మార్చాడు తప్ప పాటకి బొమ్మని కట్టెయ్యలేదు.

కాబట్టి అన్నా, మీరు సున్నా నుంచి మొదలుపెట్టట్లేదు. ఎక్కడ ఆపాలో తెలిసినవాడే ఎడిటర్. అది మీకు చేతుల్లోనే ఉంది.

—

బార్కస్_భాయ్
బుధవారం, సాయంత్రం 6:05

కట్టర్ భాయ్ చాలా బాగా చెప్పారు. నేను తాళం గురించి ఒక సంగతి కలుపుతా.

కోప్లాండ్ పుట్టింది అమెరికాలో కానీ పెరిగింది కైరోలో, బీరుట్‌లో. డ్రమ్స్ మొదలుపెట్టింది కూడా బీరుట్‌లో పన్నెండేళ్లకి. నాలుగు లెక్కల తాళంలో, మామూలు రాక్‌లో దెబ్బ రెండు, నాలుగు మీద పడుతుంది. 'ద పోలీస్' పాటల్లో వినిపించే జమైకా రెగేలో ఒకటిని ఖాళీగా వదిలేసి మూడు మీద బరువు వేస్తారు. అరబ్ బలదీ తాళంలో కూడా మూడో దెబ్బ ముఖ్యం, చిన్నప్పుడు చెవిలో పడ్డ అదే తనకి రెగేని సులువు చేసిందని ఆయన చెప్పుకున్నాడు.

మాది బార్కస్. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల బస్తీ, బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. అటు ఏసీ గార్డ్స్‌లో సిద్దీలు, నిజాం ఆఫ్రికన్ అశ్విక దళం వాళ్ల వారసులు. ఈ రెండు బస్తీల నుంచే మన ఊరి పెళ్లి డోళ్ల వాయింపు, మర్ఫా, వచ్చింది. నేను మొదటిసారి 'ద పోలీస్' పాట విన్నప్పుడు, ఎవరు వీళ్లు, మా పెళ్లిళ్లలో వాయించినట్టు ఎక్కడెక్కడో ఖాళీలు వదిలేస్తున్నారు అనిపించింది. రెండూ ఒకటే తాళం అనడం లేదు. ఆ ఖాళీ వదిలే ధైర్యం చెవికి తెలిసినదే అనిపించింది.

—

కృష్ణానగర్_కట్టర్
బుధవారం, సాయంత్రం 6:40

భాయ్, మీరు ఇది రాశాక ఒక పది నిమిషాలు పని ఆపేసి కూర్చున్నా. ఒకటిని వదిలెయ్యడం! మేం సీన్‌ని కట్ చేసేటప్పుడు మొదట నేర్చుకునేది అదే కదా. మనిషి తలుపు తీసి, లోపలికొచ్చి, చెప్పులు విడిచి, కూర్చుని, అప్పుడు మాట్లాడితే సీన్ చచ్చిపోతుంది. మాటల మధ్యలోకి నేరుగా దూకాలి. ఒకటో దెబ్బని చూసేవాడు తన మనసులో తనే కొట్టుకుంటాడు.

—

మిక్సర్_దగ్గర
బుధవారం, రాత్రి 9:15

నేను సౌండ్ ఇంజినీర్‌ని, లైవ్ షోలు చేస్తాను. ఈ బాటలో వెళ్లింది కోప్లాండ్ ఒక్కడే కాదు, ఇంకో ఇద్దరు డ్రమ్మర్లని కూడా తలుచుకోవాలి.

డేవ్ గ్రోల్, నిర్వాణాలో డ్రమ్స్. వాళ్ల పెద్ద ఆల్బమ్ 1991లో రికార్డ్ చేసిన లాస్ ఏంజెలెస్ స్టూడియో మూతపడితే, అక్కడున్న నీవ్ 8028 మిక్సింగ్ కన్సోల్‌ని తనే కొనేశాడు. దాని కథ చెప్పాలని 2013లో 'సౌండ్ సిటీ' తీశాడు, డైరెక్టర్‌గా అదే మొదటి సినిమా. ఒక మిక్సర్ మీద సినిమా! నాలాంటి దానికి అది పండగ. ఆ గదిలో డ్రమ్స్ ఎందుకంత బాగా పలికేవో చెప్పినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

ఇంకొకరు క్వెస్ట్‌లవ్, ద రూట్స్ డ్రమ్మర్. 1969 వేసవిలో న్యూయార్క్ హార్లెమ్‌లో జరిగిన సంగీత ఉత్సవం ఫుటేజ్, దగ్గర దగ్గర 40 గంటలు, యాభై ఏళ్లు ఎవరూ పట్టించుకోకుండా పడుంది. ఆయన చేతికి వచ్చాక వెంటనే కట్ చేయలేదు. ఇంట్లో నెలల తరబడి రాత్రీ పగలూ ఆ ఫుటేజ్ నడుస్తూనే ఉండేలా పెట్టుకున్నాడు. నడుస్తూ తిరుగుతూ ఏ క్షణం తనని ఆపుతుందో అది రాసుకున్నాడు. చివరికి సినిమాని స్టీవీ వండర్ డ్రమ్స్ సోలోతో మొదలుపెట్టాడు. అందరూ గాయకుడనుకునే మనిషిని డ్రమ్స్ మీద చూపించాలని ఒక డ్రమ్మర్‌కే కదా తడుతుంది.

2022 మార్చి 27న దానికి ఆస్కార్ వచ్చింది. సరిగ్గా వారానికి, ఏప్రిల్ 3న, కోప్లాండ్‌కి మన బెంగళూరు రికీ కేజ్‌తో కలిసి చేసిన 'డివైన్ టైడ్స్' ఆల్బమ్‌కి గ్రామీ వచ్చింది. అప్పటికి ఆయనకి 69 ఏళ్లు. ఎప్పుడో షే స్టేడియంలో ఆగిపోయి పాత పేరు మీద బతకొచ్చు, కానీ ఆగలేదు.

—

మియాపూర్_మెట్రో
గురువారం, ఉదయం 8:25

మీరంతా రాసింది చదివాక నా మాట కొంచెం మార్చుకుంటున్నా. అయినా ఒక పట్టు వదలను. ఆ ముగ్గురూ తీసింది డాక్యుమెంటరీలు, తమకి తెలిసిన లోకం గురించే. వెనక సీటు బ్రో, మీరేమో సినిమా అన్నారు. కథా చిత్రం అయితే నటులు, లొకేషన్లు, డబ్బు అన్నీ వేరే లెక్క. మన ఊరి నాగేశ్ కుకునూర్ 1998లో 'హైదరాబాద్ బ్లూస్' తీసినప్పుడు అమెరికాలో ఇంజినీరుగా సంపాదించిన సొంత డబ్బు పెట్టాడు. మీ దగ్గర ఏముంది, ఏ కథ ఉంది, ముందు అది చెప్పండి.

—

వెనక_సీటు
గురువారం, మధ్యాహ్నం 1:30

మియాపూర్ బ్రో, సూటిగా అడిగినందుకు థాంక్స్. నిన్న రాత్రంతా ఇదే ఆలోచించాను.

రెండేళ్ల కింద ఒక కథ రాసుకున్నా, ఒక ప్రేమ కథ. నిజం చెప్తున్నా, ఈ చర్చ చదివాక దాన్ని తీయాలని లేదు. ఎందుకంటే అది నాకు తెలిసిన లోకం కాదు, ఎవరో నిర్మాత ఒప్పుకుంటాడని రాసింది.

నా దగ్గర ఇంకోటుంది. 2014 నుంచి ప్రతి షోలో ఫోన్‌తోనో చిన్న కెమెరాతోనో ఏదో ఒకటి తీస్తూనే ఉన్నా. వాయించడం తప్పులు చూసుకోవడానికి మొదలుపెట్టింది అది. రెండు హార్డ్ డిస్కుల నిండా ఉంది. డ్రమ్మర్ సీటు నుంచి మీకు తెలుసు కదా, గాయకుల మొహాలు కనిపించవు, వీపులు కనిపిస్తాయి, వాళ్ల వీపుల మధ్య నుంచి జనం మొహాలు కనిపిస్తాయి. పాట బాగా కుదిరిన రోజు బాసిస్ట్ భుజం ఎలా కదులుతుందో నాకు తెలుసు, గొడవ పడొచ్చిన రోజు ఎలా బిగుసుకుంటుందో కూడా తెలుసు. షో అయ్యాక ఫంక్షన్ హాలు వెనక ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చుని మేం బిర్యానీ తినేటప్పుడు, పక్కనే బరాత్‌లో తీన్మార్ వాయించిన పిల్లలు కూర్చుని తింటారు. వాళ్లూ డ్రమ్మర్లే. మాకు వాళ్లకంటే నాలుగింతలు ఎక్కువ ఇస్తారు. పదేళ్లుగా పక్కపక్కనే తింటున్నాం, ఒకరి పేర్లు ఒకరికి తెలియవు.

అదే తీయాలనిపిస్తోంది. ఇది సినిమా అవుతుందా?

—

డప్పు_దరువు
గురువారం, మధ్యాహ్నం 3:10

అవుతుంది అన్నా. మా నాన్న డప్పు కళాకారుడు, నల్లగొండ నుంచి వచ్చి ఉప్పల్‌లో ఉంటున్నాం. ఫంక్షన్ హాళ్ల వెనక కుర్చీలు మాకు బాగా తెలుసు. ఇప్పటిదాకా మమ్మల్ని తీసినోళ్లందరూ ముందు నుంచే తీశారు, బోనాలప్పుడు ఎగురుతుంటే, పండగ వీడియోల్లో వెనక రంగు కోసం. వాయించేటోడు పక్కనున్న వాయించేటోణ్ని చూసినట్టు ఎవరూ చూడలేదు.

తీసేటప్పుడు ఒకటి గమనించండి. డప్పుని వాయించే ముందు మంట దగ్గర కాచుకుంటాం, చర్మం బిగువు వచ్చేదాకా. ఆ పది నిమిషాలు ఎవరూ మాట్లాడరు, చెవి దగ్గర పెట్టుకుని వేలితో తట్టి చూస్తుంటారు. కుడి చేతిలో సిర్ర అనే లావు కర్ర, ఎడమ చేతిలో చిటికెన పుల్ల అనే సన్న పుల్ల, రెండూ ఒక్కలా ఉండవు, రెండు చేతుల పనీ ఒకటి కాదు. మీరు కిట్ మీద చేసేదీ అదే కదా.

—

వెనక_సీటు
గురువారం, మధ్యాహ్నం 3:25

తమ్ముడూ, కోప్లాండ్ పట్టు కూడా అంతే. రెండు చేతులతో రెండు రకాలుగా పుల్ల పట్టుకుంటాడు, ట్రెడిషనల్ గ్రిప్ అంటారు. నేనూ అలాగే నేర్చుకున్నా. మీ నాన్నగారిని ఒకసారి కలవొచ్చా?

—

డప్పు_దరువు
గురువారం, మధ్యాహ్నం 3:31

తప్పకుండా రండి అన్నా. ఆదివారం ఇంట్లోనే ఉంటాడు.

—

మిక్సర్_దగ్గర
గురువారం, రాత్రి 10:00

వెనక సీటు గారూ, మొదలుపెట్టే ముందు రెండు విషయాలు, నా అనుభవంతో చెప్తున్నా. సంగీత్ ఫుటేజ్‌లో మీరు వాయించేవి ఎక్కువగా సినిమా పాటలు. యూట్యూబ్‌లో పెట్టగానే మ్యూజిక్ కంపెనీ క్లెయిమ్ వేస్తుంది. నేను మూడేళ్ల కింద ఒక చిన్న డాక్యుమెంటరీకి సౌండ్ చేస్తే వెనక పది సెకన్లు వినపడిన పాట వల్ల మొత్తం ఆగిపోయింది. కాబట్టి పాటలు మొదలయ్యే ముందు స్టిక్స్‌తో మీరు ఇచ్చే కౌంట్, సౌండ్ చెక్, పాట అయిపోయాక మోగుతూ ఉండే సింబల్ (కిట్ మీది ఇత్తడి పళ్లెం), ఇవి వాడండి. మిగతాది మీరే వాయించి కట్టండి.

రెండోది అనుమతులు. పెళ్లివాళ్ల మొహాలు కనిపించే షాట్లు వాళ్లని అడగకుండా వాడొద్దు. మీ బ్యాండ్‌వాళ్లకి కూడా ఇప్పుడే చెప్పండి, కట్ అయ్యాక కాదు. పదేళ్లుగా తీస్తున్నావని తెలుసు కానీ మా గొడవలు సినిమా చేస్తావని తెలియదు కదా అంటారు, వాళ్ల వైపూ న్యాయం ఉంది.

—

మియాపూర్_మెట్రో
శుక్రవారం, ఉదయం 7:50

ఇప్పుడు నాకు సినిమా కనిపిస్తోంది బ్రో. ఉద్యోగం మానాల్సిన పని కూడా లేదు, ఉద్యోగంలోనే ఉంది అది. హార్డ్ డిస్కులు వెంటనే ఇంకో కాపీ తీయండి, 2014 నాటివంటే భయం వేస్తోంది.

—

వెనక_సీటు
ఆదివారం, రాత్రి 11:40

కాపీ మొదలైంది బ్రో. ఒక డిస్క్ బాగానే ఉంది, రెండోది చప్పుడు చేస్తోంది, తెలిసిన అబ్బాయికి ఇచ్చాను.

బ్యాండ్‌తో మాట్లాడాను. ముగ్గురు సరే అన్నారు. బాసిస్ట్ మాత్రం ముందు చూపించాకే అన్నాడు. వాడితో 2019లో పెద్ద లొల్లి అయింది, అదంతా కెమెరాలో ఉంది. వాడికి చూపించకుండా ఒక్క ఫ్రేము కూడా వాడను.

ఈ రోజు ఉప్పల్ వెళ్లి తమ్ముడి నాన్నగారిని కలిశాను. నా కిట్ గురించి గంట సేపు అడిగారు. స్నేర్ కింద తీగలు ఎందుకుంటాయి, హై-హ్యాట్ కాలితో ఎందుకు మూస్తారు, అన్నీ. కెమెరా బయటికే తీయలేదు నేను.

తిరిగొచ్చి డిస్కులో వెతికితే ఒకటి దొరికింది. 2017 ఆగస్టు, శంషాబాద్ వైపు ఫంక్షన్ హాలు, వాన, కరెంటు పోయింది. జనరేటర్ అందుకునే లోపు చీకట్లో బయట బరాత్ పిల్లలు వాయిస్తూనే ఉన్నారు, ఆపలేదు. లోపల నేను వాళ్ల టెంపోకి కాలితో హై-హ్యాట్ కలిపాను. బొమ్మ నలుపు, ఏమీ కనపడదు. పదకొండు సెకన్లు. చివర్లో లైట్ వచ్చింది, అందరి వీపులు.

ఎల్లుండి కొంపల్లిలో సంగీత్ ఉంది. ఫ్లోర్ టామ్ (కిట్‌లో నేల మీద నిలబెట్టే డ్రమ్) పక్కన కెమెరాకి చిన్న స్టాండు బిగిస్తున్నా.

—

కృష్ణానగర్_కట్టర్
ఆదివారం, రాత్రి 11:58

అన్నా, ఆ పదకొండు సెకన్ల క్లిప్‌ని ముట్టుకోకండి, రంగు సరిచేయకండి, అలాగే నాకు పంపండి. కొంపల్లిలో ఆడియో విడిగా రికార్డర్‌లో పెట్టండి, షోకి ముందు మైకులు, వైర్లు చూసుకునే లైన్ చెక్ నుంచే ఆన్ చేసి ఉంచండి.